రసీదు పుస్తకం

లాలాపేటలో మా కొట్టుకి బోర్డు చిన్నది, తలుపు పెద్దది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా నా పని
తుపాకుల మెడలో చీటీ కట్టడం.
నంబరు, పేరు, ఊరు, గుళ్ళెన్ని.
పురికొస ముడేసి పళ్ళతో తెంపడం.

ఎలక్షన్లొచ్చినప్పుడల్లా వస్తాయవి.
స్టేషన్లో బీరువా నిండితే మిగిలినవి మాకు.
కౌంటింగయ్యాక, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళే మనుషుల్లా
కాస్త దుమ్ముపట్టి, కాస్త తేలికపడి
ఎవరివి వాళ్ళతో పోతాయి.

ఈసారి ఎలక్షన్లు లేవు.
గోడ మీద ఏ కాగితమూ లేదు.
సోమవారం పొద్దున ఫోన్లో ఓ గొంతు
"అన్నీ. సాయంత్రం లోపు" అని పెట్టేసింది.

ముందు జెకర్యా వచ్చాడు, బ్యాంకు గార్డు,
పదిహేనేళ్ళు సరిహద్దు మంచుని కాపలా కాసినవాడు.
"రేపట్నుంచి ఏం పట్టుకు నిలబడను గుమాస్తాగారూ, గొడుగా?"
అని నవ్వాడు.
రసీదు మడతపెట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

సామ్రాజ్యమ్మ ఆటోలో తెచ్చింది, దుప్పట్లో చుట్టి,
జొరమొచ్చిన పిల్లాణ్ణి తెచ్చినట్టు.
మొగుడి లైసెన్సు తన పేరుకి మార్చుకోడానికి
నాలుగేళ్ళు తిరిగిన మనిషి.
"చేలో పందులు పడితే గాల్లోకి ఒకటి పేలుస్తా, అంతేగా.
ఈ వారం రావద్దని పందులకీ చెప్పారా మరి?"

ఇంకొకడున్నాడు. పేరు రాయను.
వాడి తుపాకీ గొట్టం ఎవరి వాకిట్లో వేడెక్కిందో
ఊరికంతా తెలుసు, కోర్టుకి తప్ప.
అది లోపలికొస్తుంటే నాకు నిమ్మళమేసింది,
అబద్ధమెందుకు.
ఆ చీటీ గట్టిగా బిగించిన చెయ్యే
పక్కదానికి కడుతూ వదులైపోయింది.

మంగళవారం ఏటుకూరు రోడ్డు మీదుగా లారీలొచ్చాయి.
కుర్రాళ్ళు దిగారు, ఏ దేశపు యాసో.
యార్డు వైపు నుంచి గాలి తిరిగింది,
వరసలో నిలబడ్డ వాళ్ళంతా ఒక్కసారే తుమ్మారు.
బజారు నవ్వింది.
ఆ మధ్యాహ్నమే నవ్వుకి వేళలు పెట్టారు:
పొద్దున ఆరు నుంచి తొమ్మిది.

మిలిట్రీ రాజ్యమంట. కోర్టులకి తాళాలంట.
ఇళ్ళు సోదా చేస్తారంట, అటకలు కూడానంట.
చెప్పినవాడెవడూ చూళ్ళేదు,
చూసినవాడెవడూ చెప్పట్లేదు.
ఊరంతా 'అంట' మీద నడుస్తోంది.

బుధవారం ఎస్సై వచ్చాడు.
తుపాకులకేసి కన్నెత్తైనా చూడలేదు.
"పుస్తకం ఇవ్వండి."
ముప్పై ఒక్క ఏళ్ళ పుస్తకం.
చచ్చినవాళ్ళున్నారందులో, అమ్మేసినవాళ్ళున్నారు,
ఒక్క రోజు తుపాకీ మోసి భయమేసి వాపసిచ్చినవాళ్ళున్నారు,
అందరికీ ఇంటి నంబరుంది.
అలవాటు ప్రాణం, రసీదు రాశాను:
"పుస్తకం ఒకటి. పేజీలు నాలుగొందల పన్నెండు."
సంతకం పెట్టమన్నాను.
నా మొహంలోకి చూశాడు, నా పేరు ఏ పేజీలో ఉందో వెతుకుతున్నట్టు.
రసీదు నా జేబులోనే ఉంది.

సాయంత్రం కానిస్టేబులు గోతం తెచ్చి దించాడు.
బోండాల కత్తి, మంగలి పొది, మాంసం కొట్టు కత్తులు,
చెరుకు బండి కొడవలి, ఎవరిదో కత్తిపీట కూడా,
పీటకి ఇంకా దొండకాయ ముక్క అంటుకుని.
"వీటిక్కూడా కట్టండి సార్."
"పేర్లు?"
"అడగలేదు సార్."
ఊరు అన్నచోట గుంటూరు అని రాశాను,
పేరు అన్నచోట కూడా అదే రాశాను.
పురికొస అయిపోయింది.

గురువారం ఏడింటికి పాలకని బయల్దేరాను.
బ్యాంకు మూసే ఉంది.
దాని ముందు జెకర్యా యూనిఫాంలో నిటారుగా,
భుజాన గొడుగు.
వాన లేదు, ఎండా ఇంకా ముదరలేదు.
తుమ్మిన కుర్రాళ్ళలో ఒకడు దగ్గరికొచ్చి
తుపాకీ మొనతో గొడుగుని పొడిచి
విప్పమని సైగ చేశాడు.
విప్పాడు.
కుర్రాడు వంగి లోపలికి చూశాడు.
కాసింత నీడుంది.